దండం తర్వాత

జగపతి పటేలు బర్ల ఫారం గేటు దగ్గర ఇప్పుడెవరూ దండం పెట్టరు, అరచేతులు తెరిచి చూపిస్తారు. ఏ మందూ పనిచెయ్యని కాలమిది. చిన్న గీత పడినా చాలు, మనిషి పోతాడు. అందుకే గాయమైనవాళ్ళు, ఇంకొకరికి అంటకుండా, నలభై రోజులు గుట్ట కింది రేకుల షెడ్డులో ఉండాలి. ఆ రూలు పటేలుదే. జబ్బులేని బర్లకు కూడా ఇరవై ఏళ్ళు దాణాలో మందు కలిపి, ఆ మందుల్ని మొద్దుబార్చినవాళ్ళలోనూ ఆయనొకడు.

చేతులు చూసే పని కొమురవ్వది. పోయినేడు ఆమె మొగుడు ఓదేలుకు పాలబకెట్టు అంచు గీసుకుంది. షెడ్డుకు పంపొద్దని అతను చేతులు జోడించాడు.

“దండం తర్వాత పెడ్దువు గని, ముందు అరచేతులు తెరువు,” అన్నాడు పటేలు.

ఓదేలు షెడ్డు నుంచి తిరిగి రాలేదు.

ఈ పొద్దున పటేలు కంచె చూసి వచ్చాడు. కుడి పిడికిలి బిగించి ఉంది.

“గేటు తియ్యి, కొమురవ్వా.”

“సబ్బుతోని కడుక్కోండ్రి, పటేలా.”

“నాకే చెప్తున్నవా?”

“రూలు మీదే గద.”

తిట్టుకుంటూనే కడుక్కున్నాడు. నురగలో సన్నని ఎరుపు తేలింది. ఇద్దరూ చూశారు.

“తుమ్మముల్లు, అంతే. ఎవ్వరికీ చెప్పకు, నీ కాళ్లు మొక్కుత,” అంటూ పటేలు చేతులు జోడించాడు. గాయం అరచేతుల మధ్య దాగింది.

ఏడాదిగా ఈ మాట తిరిగి అనడానికే బతికినట్టుంది కొమురవ్వకు. పాలు పితికేవాళ్ళందరికీ వినబడేలా గొంతెత్తింది.

“దండం తర్వాత పెడ్దురు గని పటేలా, ముందు అరచేతులు తెరువుండ్రి!”