అరచేతి ముద్ర

“నీళ్లు పరీక్ష చేయించాను, బాగానే ఉన్నాయి. ఇక తప్పు పిల్లల చేతుల్లో అయినా ఉండాలి, వంటలో అయినా ఉండాలి,” అన్నాడు డాక్టరు, బడి వరండాలోకి కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ వంటత్త గుండెల్లో రాయి పడింది. పిల్లలు పెట్టిన పేరే అయినా పెద్దవాళ్లు కూడా ఆమెను వంటత్త అనే పిలుస్తారు. కొన్నాళ్లుగా బడిలో ఎవర్ని కదిపినా కడుపునొప్పి, విరేచనాలు. తప్పు వంటదని తేలిందా, పొయ్యి ఆర్పేసి ఇంటికి పొమ్మంటారు. ఈ పిల్లలకి వండిపెట్టడం తప్ప ఆమెకి వేరే లోకం లేదాయె.

“చేతుల సంగతి నాకు వదిలేయండి డాక్టరుగారూ,” అంది టీచరమ్మ ధీమాగా. “మీరు క్రితంసారి పిల్లల చేత చేతులు కడిగించమని చెప్పి వెళ్లారు చూడండి, ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టాను. పొద్దున్నే అందరి అరచేతుల్లో నీలం సిరాతో ముద్ర కొడతాను. అన్నం గంటకల్లా అది మాయమవ్వాలి. ముద్ర కనబడిందా, కంచం లేదు. కావాలంటే మీరే చూసుకోండి.”

అన్నం గంట ఇంకా కొట్టలేదు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి వరసలో నిలబడి చేతులు చాచారు. డాక్టరు కళ్లజోడు సవరించుకుని ఒక్కో అరచేయీ తిప్పి తిప్పి చూశాడు. మచ్చుకైనా నీలం చుక్క లేదు.

“శభాష్ టీచర్,” అన్నాడు.

టీచరమ్మ ఏనుగెక్కినంత సంబరపడింది. ఆ శభాష్ వంటత్తకి మాత్రం చెంపదెబ్బలా తగిలింది. చేతుల్లో తప్పు లేదంటే ఇక మిగిలిందెవరు, తనేగా.

“బాబూ, కూరలు కడక్కుండా కోశానంటే నా కళ్లు పోతాయి,” అంది. “తాగే నీళ్లు కాచి మూత పెడతాను. గిన్నెలు వేడినీళ్లతో తోముతాను. లోపలికొచ్చి చూడండి, మీకే తెలుస్తుంది.”

“చూస్తానమ్మా. ముందు పిల్లల్ని చూడనీ.”

వరసలో మొదట పిచ్చుక ఉంది. రోజంతా కిచకిచలాడుతూనే ఉంటుందని ఆ పిల్లకి ఆ పేరు. ఇవాళ మాత్రం పెదాలు బిగించి నిలబడింది.

“నోరు తెరువు తల్లీ. నాలుక చాపు.”

పిచ్చుక అడ్డంగా తలూపింది. డాక్టరు బుజ్జగించాడు, బతిమాలాడు. చివరికి టీచరమ్మ కళ్లెర్ర చేశాక నాలుక బయటికొచ్చింది.

నీలంగా ఉంది.

డాక్టరు కంగారుగా పక్కవాడి నోరు తెరిపించాడు. వాడిదీ నీలమే. ఆ పక్కదానిదీ అంతే. వరస చివరికంటా చూసి గిర్రున వంటత్త వైపు తిరిగాడు.

“ఏం రంగు కలిపావమ్మా వంటలో?”

వంటత్తకి పై ప్రాణాలు పైనే పోయాయి. “ఇంకా వడ్డించనేలేదు కదా బాబూ,” అని పిచ్చుక ముందు చతికిలబడింది. “నీకు పుణ్యముంటుంది, చెప్పవే. నా పొయ్యి ఆరిపోయేట్టుంది. ఏం తిన్నారే మీరంతా?”

అత్త కళ్లల్లో నీళ్లు చూసేసరికి పిచ్చుక ఇక ఆగలేకపోయింది.

“ఏం తినలేదత్తా. ఆ ముద్ర ఉత్త నీళ్లకి పోవట్లేదు. నాకితే పోతోంది.”

డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. వంటత్తకి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ ఒకేసారి చేసేసింది. టీచరమ్మ మొహం మాత్రం కందగడ్డయింది.

“నాకడమేమిటే, అసహ్యంగా. సబ్బుతో కడుక్కోడానికి ఏమొచ్చింది మీకు?”

పిచ్చుక బిక్కమొహం వేసింది.

“ఊరికే కరిగిపోతోందని మీరే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు కదా టీచర్.”