ఇనుప కప్ప

"ఈ రోజు కూడా ఆ కప్పని అమ్మవా?"

"ఈ రోజు కూడా అమ్మను," అంది అవ్వ.

తొగాషికి ఒళ్ళు మండిపోయింది. గొడుగు గాలికి తిరగబడుతున్నా, కనజావా ఊరికి ఆ చివర నుంచి ఈ చివరనున్న అవ్వ ఇంటి దాకా వానలో నడిచి వచ్చాడు. నాలుగేళ్ళుగా ప్రతి శనివారం ఇదే వరస. కాళ్ళు అరిగాయి గానీ కప్ప మాత్రం దక్కలేదు.

అది బొటనవేలంత ఇనుప కప్ప. నెత్సుకే అంటారు. కిమోనోకి జేబులుండవు కదా, వెనకటి మగవాళ్ళు పొగాకు సంచిని తాడుతో నడుంపట్టీకి వేలాడేసుకునేవారు. ఆ తాడు జారిపోకుండా పట్టీ పైన ఆపే బొడిపె ఇది. దంతంవీ చెక్కవీ అందరూ పోగేస్తారు. తొగాషి లోహంవే పోగేస్తాడు. రాగివి, ఇత్తడివి, వెండివి పెట్టె నిండా ఉన్నాయి. ఇనుముది ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఇనుము లేకుండా లోహాల సేకరణేమిటండీ, మిసో లేని చారులాగా!" అని తోటి సేకరణకర్త కుజే నలుగురిలో పళ్ళికిలిస్తాడు. ఆకులు ఎర్రబడే వేళకి ప్రదర్శన. ఈసారీ ఇనుము అర ఖాళీగా ఉంటే తొగాషి తలెత్తుకోలేడు.

"పోనీ, ఎందుకమ్మవో చెప్పు."

"దానికింకా వేళ రాలేదు నాయనా. ఇదిగో, చేతిలో పట్టుకుని కూర్చో. టీ తెస్తాను."

అదొక్కటే ఊరట. ఎంతసేపు కావాలంటే అంతసేపు పట్టుకోనిస్తుంది. మొదట్లో చేతులకి తెల్లటి తొడుగులు వేసుకొస్తే లాగి అవతల పారేసింది. "ఇనుమయ్యా అది! మనిషి చెయ్యి తగలకపోతే తుప్పు పట్టి చస్తుంది."

నూనెలో వేయించిన బియ్యప్పిండి అప్పాలు పెట్టేది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ మాత్రం ఇచ్చేది కాదు. పిసినారి ముసలిది అని తొగాషి లోపల్లోపల తిట్టుకునేవాడు. తిట్టుకుంటూనే బొటనవేలితో కప్ప వీపు రుద్దేవాడు. కోపం పెరిగినకొద్దీ ఇంకా గట్టిగా రుద్దేవాడు.

ఇంటికెళితే భార్య సనాయే దెప్పేది. "నా చెయ్యి ఏనాడైనా అంతసేపు పట్టుకున్నారా?"

ఈ శనివారంతో ఓపిక నశించింది. టీ కప్పు ఠక్కున కింద పెట్టాడు.

"చూడు అవ్వా. నా జుట్టు నెరిసిపోయింది. నువ్వా, కాటికి కాళ్ళు చాపుకుని ఉన్నావు. పోతూ పోతూ ఈ కప్పని వెంట తీసుకుపోతావా? ఇస్తే ఇయ్యి, లేకపోతే ఇక నీ గడప తొక్కితే ఒట్టు!"

అవ్వ నవ్వింది. కప్పని అందుకుని కిటికీ దగ్గర వెలుగులో పెట్టింది. కళ్ళజోడు తుడుచుకుని పొట్ట చూసింది, వీపు చూసింది, గోటితో గీరి చూసింది.

"నువ్వే చెప్పు నాయనా. ఎన్నాళ్ళదంటావు?"

తొగాషి పొంగిపోయాడు. నాలుగేళ్ళకి తన మాట అడిగింది!

"ఎన్నాళ్ళదేమిటి, ఎన్ని తరాలదని అడుగు! వీపు మీద బొడిపెలు ఎలా అరిగాయో చూడు. ఆ నలుపు చూడు, ఆ నునుపు చూడు. ఆకురాయితో రుద్దితే వస్తుందా ఇది? మనిషి చెమట తాగి తాగి రావాలి. నూటయాభై ఏళ్ళకి ఒక్క రోజు తక్కువైనా నా చెవి కోసిస్తాను!"

"నీ అంత తెలిసినవాడు అంటుంటే కాదనడానికి నేనెవర్ని?" అంది అవ్వ. "సరే, పట్టుకుపో."

తొగాషి గబగబా డబ్బు సంచీ తీశాడు. ఆవిడ మనసు మారేలోగా అడిగినంతా ఇచ్చేశాడు, బేరమన్న మాటే ఎత్తలేదు. కుజే మొహం ఎలా మాడిపోతుందో తలుచుకుంటూ, కప్పని గుప్పిట్లో బిగించి, ఆ వానలోనే పరిగెత్తాడు.

అవ్వ తలుపు వేసి, పెరట్లో కొలిమి దగ్గరున్న కొడుక్కి వినపడేలా కేకేసింది:

"ఒరేయ్ కోహే, నువ్వు పోతపోసిన కప్పకి నాలుగేళ్ళకే నూటయాభై ఏళ్ళు నిండాయి, ఇంక తాబేలు పొయ్యరా!"