కోరలున్నవారి మర్యాద

ఓక్ అడవిలో అన్యాయం జరిగింది ఉడతమ్మకి, ఆకులు రాలడం మొదలైన మూడో నాడు.

ఆ ఏడు వసంతంలో పంది దొర ఎలుగుల మీదికి యుద్ధానికి పోతూ ఇంటికొక మగవాణ్ణి వెంటబెట్టుకుపోయాడు. ఉడతమ్మ మొగుడూ వెళ్లాడు. యుద్ధం ఓడారు, దొర పట్టుబడ్డాడు. వదలాలంటే నాలుగు వందల గింజలివ్వమన్నాయి ఎలుగులు. దొరను విడిపించుకోవడం ఆ అడవి ఆచారం. దొర వెంట మొగుడూ వస్తాడని, చలికాలానికి దాచిన గింజలన్నీ ఊడ్చి ఇచ్చింది ఉడతమ్మ.

దొర ఒక్కడే వచ్చాడు, బాగా ఒళ్లు చేసి.

"మా ఆయనేడి దొరా?"

"కోరలున్నవాళ్లనే ప్రాణాలతో పట్టుకుంటారే. లేనివాళ్లని అక్కడికక్కడే చంపేస్తారు. అది యుద్ధమర్యాద. నీ మొగుడు వీరుడులే."

"ఆ మర్యాదేదో వెళ్లేముందు చెప్పకపోయావా?"

"మీరెవరూ అడగలేదుగా!"

ఆ చలికాలమంతా ఉడతమ్మ ఖాళీ కడుపుతో చెట్టుచెట్టుకీ తిరిగింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ మర్యాద విప్పి చెప్పింది.

వసంతం రాగానే దొర మళ్లీ యుద్ధానికి కొమ్ము ఊదించాడు. ఒక్క ఆకు కదల్లేదు.

"ఎక్కడ చచ్చారర్రా అందరూ?" అని అరిచాడు.

కొమ్మ మీంచి ఉడతమ్మ అంది: "నువ్వు పద దొరా! కోరలున్నవాడివి, నిన్నెవరు చంపుతారు? ఈసారి పట్టుబడితే మాత్రం గింజలు లేవు."

దొర గుమస్తా కాకి చెట్టు బెరడు మీద ఆ రోజు హాజరు రాసింది: యుద్ధానికి వచ్చినవి, ఒక పంది.