ఎవరి తాలూకు

"కాస్త పక్కకి జరుగుతారా?"

కల్పన ఇంతకుముందూ అడిగింది. ముసలాయన జరగలేదు. గోడమీది ఫోటో అద్దానికి ముక్కు ఆనించి మరీ చూస్తున్నాడు.

బందరులో డచ్చివాళ్ళ నాటి మేడని బాగుచేసి తపాలా మ్యూజియం పెట్టారు. పాత తూకం రాళ్ళు, ముద్రలు, టపా మోసే మనిషి పట్టుకునే గజ్జెల బల్లెం, చాలానే ఉన్నాయి. కల్పన వాటి వంకే చూడలేదు. గుడివాడలో పొద్దున్నే బస్సెక్కింది ఆ ఒక్క ఫోటో కోసం.

దివిసీమ పోస్టుమేన్లు ఉప్పెనకి ముందు ఏడాది తీయించుకున్న ఫోటో అది. ఎనిమిదిమంది. అందరికీ ఒకే ఖాకీ, ఒకే టోపీ. కింద పేర్లు లేవు.

అందులో ఒకరు వాళ్ళ నాన్న దైవాధీనం.

ఉప్పెన వచ్చేటప్పటికి అమ్మ పురిటికి పామిడిముక్కల వెళ్ళి ఉంది. కల్పన అప్పుడు పొత్తిళ్ళలో పిల్ల. నాన్నతోపాటు ఇల్లూ, ఇంట్లో ఫోటోలూ పోయాయి.

"నీది మీ నాన్న ముక్కే" అనేది అమ్మ. ఆ అమ్మ కూడా మొన్న వేసవిలో పోయింది.

జుట్టు నెరుస్తున్న ఈ వయసులో కూడా కల్పనకి తండ్రి మొహం తెలీదు.

ముసలాయన ఇటు తిరిగి ఆమె మొహంలోకి వంగి చూశాడు.

"మీదే ఊరమ్మా? ఎవరి తాలూకు?"

కల్పనకి ఒళ్ళు మండింది. ఆ ప్రశ్న ఆమెకి కొత్త కాదు. అద్దె ఇల్లు చూడబోయిన ప్రతిచోటా అదే. ఊరు చెప్తే పేట అడుగుతారు. పేట చెప్తే ఇల్లు ఖాళీ లేదంటారు.

"ఎవరి తాలూకైతే మీకెందుకండీ? ఫోటో చూడ్డానికి కూడా కులం చెప్పాలా?"

ఆయన తప్పయిందమ్మా అని గొణిగి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. బాగా బుద్ధి చెప్పానని కల్పన మురిసిపోయింది కూడా.

తర్వాత ఎంతసేపు చూసినా ఎనిమిది ముక్కులూ ఒకలాగే కనిపించాయి. ఆఖరికి టిక్కెట్లిచ్చే కనకరత్నం గారి దగ్గరికెళ్ళి, అందులో దైవాధీనం ఎవరో చెప్పగలరా, నేను ఆయన కూతుర్నని అడిగింది.

కనకరత్నం కుర్చీలోంచి లేచింది.

"అయ్యో, రత్తయ్య గారు ఇందాకేగా వెళ్ళారు! ఆ ఎనిమిదిమందిలో మిగిలింది ఆయనొక్కరేనండీ. ఎవరెవరో ఆయన్ని అడిగి రాసుకుందాం అనుకుంటూనే రోజులు గడిపేశాను."

కల్పన పరుగున మెట్లు దిగింది. రోడ్డు మీద ఆయన లేడు. బస్టాండుదాకా వెళ్ళి, ఆగి ఉన్న బస్సులన్నీ ఎక్కి దిగి, తిరిగొచ్చింది.

"ఆయనదే ఊరండీ?"

"ఎప్పుడూ అడగలేదమ్మా. చూపు ఆనడం లేదు, ఇక రాలేను, ఇదే ఆఖరన్నారు పొద్దున."

కల్పన ఫోటో ముందు కూలబడింది. కనకరత్నం పక్కనే నిలబడి మెల్లగా అంది.

"ఊరు అడిగేది ఎప్పుడూ ఆయనేనమ్మా. దైవాధీనం కూతురు ఎప్పటికైనా వస్తుంది, వాళ్ళ నాన్న మొహం నేనే చూపించాలని, ఆ ఫోటో ముందు ఆగిన ప్రతి ఆడమనిషినీ అడిగేవారు."