జపాను బల్లికి పబ్లిక్ టాక్

మ్యాట్నీ వదిలారు. ఎన్నడూ జనంలోకి రాని ఆపరేటర్ ఆవేళ గబగబా క్యాబిన్ మెట్లు దిగి, బయటికి పోయే దారిలో స్తంభం పక్కన నిలబడ్డాడు. ఇంటర్వెల్ నుంచీ చల్లబడ్డ చేతులు ఇంకా వేడెక్కలేదు. చెవులు మాత్రం జనం నోళ్లకు అతుక్కుపోయాయి.

కూతురు పోయాక అతను పనిలోకి రావడం ఆ రోజే మొదలు. పొద్దున థియేటర్ ఓనరు భుజం మీద చెయ్యి వేసి పరామర్శించాడు. ఆ చెయ్యి తీయకుండానే హెచ్చరించాడు కూడా.

"నీ బాధ నాకు తెలుసోయ్. కానీ ఒక్కళ్లు కంప్లయింట్ చేసినా నీకు పూర్తి రెస్టు ఇచ్చేస్తాను. ఇప్పుడేమన్నా రీళ్లు మొయ్యాలా, చుట్టాలా? కంప్యూటర్లో పెట్టి మీట నొక్కడమేగా!"

అందుకే ఆపరేటర్ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వింటున్నాడు.

గేటు దగ్గర యూట్యూబ్ ఛానెల్ అమ్మాయి మైకుతో కాపు కాసింది. మొదట చిక్కినవాడు ఎర్రటోపీ కుర్రాడు.

"మైండ్ బ్లాంక్ అక్కా! ఈ రాక్షసబల్లి సినిమాల్లో అసలు జంతువు కనపడేలోపు మన పాప్‌కార్న్ అయిపోతుంది. ఇందులో లైట్లు ఆర్పగానే ఊరు తగలబడిపోతోంది! సోది లేదు, సుత్తి లేదు!"

"సగం సినిమాకే బల్లిని చంపేశాడమ్మా," అన్నాడు వెనకే వచ్చిన బట్టతల పెద్దాయన. "ఇక చూపించడానికి ఏముంటుంది, ఇంటికి పోదాం పదవే అన్నాను మా ఆవిడతో. డబ్బులిచ్చాం, కూర్చోండి అంది."

"సెకండాఫ్ ఎలా ఉంది అంకుల్?"

"మీటింగులు! సముద్రంలో నీళ్లెందుకు మరుగుతున్నాయని ఆఫీసర్లు ఒకటే మీటింగులు. మీటింగు ఏ గదిలో పెట్టాలో తేల్చడానికి ఇంకో మీటింగు. నేనూ ఆఫీసులో చేసి రిటైరైనవాణ్ణే. ఎక్కడా అతి లేదమ్మా. బల్లిని నమ్మనుగానీ, ఆ మీటింగుల్ని నమ్ముతాను."

సినిమాల మీద వ్యాసాలు రాసే కళ్లద్దాలాయన, మైకు తన వైపు తిరగకముందే అందుకున్నాడు.

"మీ ఎవరికీ అర్థం కాలేదు. మొదట వంతెనతో పాటు పాపను చంపేశాడు. తర్వాత అదే పాపను బడికి పంపాడు. ఎందుకు? కాలం గీత కాదు, వలయం! టైటిల్ ఇంటర్వెల్ తర్వాత వేశాడంటేనే ఆలోచించాలి. ఈ దర్శకుడు ఇలాంటిదేదో చేస్తాడని నేను ముందే రాశాను."

"మరి చివర్లో నీళ్లలోంచి రెండు కళ్లు లేచి, అక్కడితో ఆగిపోయిందేం సార్?"

"రెండో పార్టుకి లీడు అక్కా," అన్నాడు ఎర్రటోపీ.

"వలయం!" అన్నాడు కళ్లద్దాలాయన.

"లీడండీ బాబూ!"

"వలయంరా అబ్బాయ్!"

మాటా మాటా పెరిగింది. టోపీ ఒకవైపు, కళ్లద్దాలు ఒకవైపు ఎగిరిపడ్డాయి. అమ్మాయి కెమెరా ఆపలేదు.

ఓనరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"కొట్టుకుంటున్నారా? అయితే ఆడుతుంది!" అని ఆపరేటర్ వైపు తిరిగాడు. "బతికిపోయావోయ్. ఒక్కడూ వంక పెట్టలేదు. కానీ ఫస్ట్‌షోకి డిస్ట్రిబ్యూటర్ గారు స్వయంగా వస్తున్నారు. ఈ సినిమా ఆయనకి కంఠతా వచ్చు. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడించు. తేడా వస్తే, నేను కాపాడాలన్నా కాపాడలేను."

ఆపరేటర్ తలూపాడు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టు ఊపిరి పీల్చుకుని మెట్ల వైపు నడిచాడు.

హాల్లోంచి అందరికంటే ఆఖరున అతని భార్య వచ్చింది. చేతిలో మూత తీయని క్యారేజీ. మధ్యాహ్నం అతనికి తిండి పట్టుకొస్తే, ఒంటరిగా ఇంటికి పంపడం ఇష్టం లేక వెనక వరసలో కూర్చోబెట్టాడు. కూతురు పోయినప్పటి నుంచీ ఆమెకు మాట లేదు, తిండి లేదు. గుమ్మం పక్కనున్న చిన్న చెప్పుల జతను ఎవరినీ ముట్టనివ్వదు.

"ఏమండీ," అంది.

ఆ పిలుపుకు అతను మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఆ సినిమాలో పాప..."

"చూశావా? పాప ఉందని నాకు తెలీదే. తెలిస్తే నిన్ను కూర్చోబెట్టేవాణ్ణా?"

"ముందు పోయింది. కళ్లు మూసేసుకున్నాను. లేచి వచ్చేద్దామంటే కాళ్లు రాలేదు." ఆమె క్యారేజీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఇంటర్వెల్ తర్వాత వచ్చేసిందండీ! వాళ్ల నాన్న బూటు లేసు కడుతుంటే, గట్టిగా కట్టకు నాన్నా అని ఒకటే గోల. అచ్చం మనదే. సంచీ ఊపుకుంటూ బడికి పోయింది. చివరిదాకా ఏమీ కాలేదు దానికి."

అతను మెట్టు దిగి ఆమె దగ్గరికొచ్చాడు.

"సాయంత్రం ఆట కూడా చూస్తాను," అంది. క్యారేజీ వైపు చూసి, "ఆకలేస్తోంది," అంది.

ఇద్దరూ క్యాబిన్ మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పారు. అతను తినడం మానేసి ఆమె తినడం చూస్తూ ఉండిపోయాడు.

ఫస్ట్‌షో బెల్లు మోగింది. ఓనరు వంగి వంగి దారి చూపుతుంటే డిస్ట్రిబ్యూటర్ వచ్చి నడి వరసలో కూర్చున్నాడు. వెనక వరసలో, మ్యాట్నీలో కూర్చున్న చోటే, ఆమె కూర్చుంది.

ఆపరేటర్ క్యాబిన్ కిటికీలోంచి ఆ ఇద్దరి తలలనూ ఒకసారి చూసుకుని, మ్యాట్నీకి పొరపాటున చేసిన పనే ఈసారి తెలిసి చేశాడు: సినిమా రెండో సగాన్ని ముందు పెట్టి, మీట నొక్కాడు.