అల్లం సోడా

జ్యూసు కౌంటరు వెనక నిలబడ్డ మనిషి బల్ల కిందికి వంగి, తన చేతిసంచిలోంచి ఒక సీసా తీశాడు.

నవనీత చూసింది.

లేబుల్ చింపేసి ఉంది. అయినా అది ఏ దుకాణంలో దొరికే సీసానో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. అలాంటివి బియ్యం డబ్బా వెనక నుంచీ, స్కూటర్ డిక్కీలోంచీ ఏరి పారేసిన చేతులు ఆమెవి.

మిర్యాలగూడలో ఆమె ఇంటి ముందు షామియానా వేశారు. కూతురు ప్రవళిక ఓణీల ఫంక్షన్. "మందు లేకుంటె దావత్ ఎట్లయితది?" అని మొగుడి దోస్తులు నవ్వినా నవనీత లెక్కచేయలేదు. కోదాడ నుంచి కళ్యాణి అనే ఆమెను పిలిపించి జ్యూసు కౌంటరు పెట్టించింది. పుదీనా సోడా, నన్నారి షర్బత్తు, మామిడిపండు షేకు. రసం తీసే మిషను, ఐసు పొడి చేసే మిషను, మూత బిగించి ఊపే స్టీలు గ్లాసులు. పిల్లలు ఆ బల్లను వదలడం లేదు.

ఇంత ఆర్భాటమూ ఒక్క మనిషి కోసం. ఆమె భర్త సుధీర్ తాగి తాగి లివర్ పాడుచేసుకున్నాడు. హైదరాబాద్‌లో మందు మాన్పించే దవాఖానలో ఉండి ఈమధ్యే ఇల్లు చేరాడు. ఇక చుక్క ముట్టినా మా చేతిలో ఏమీ లేదని డాక్టర్ చెప్పాడు.

చుట్టాలకు, దోస్తులకు మాత్రం కిడ్నీలో రాళ్లని చెప్పింది నవనీత. పరువు సంగతి కదా. ఎవరైనా చూస్తారన్న భయంతో ఆ దవాఖాన గడప కూడా తొక్కలేదు.

ఆ మనిషి సీసాలోని గోధుమరంగు నీళ్లు స్టీలు గ్లాసులో పోసి, ఊపి, గాజుగ్లాసులోకి వంచి పైన సోడా పోశాడు. చూడటానికి అచ్చం పెగ్గే.

"గది ఎవరికి?" అంది నవనీత.

"సుధీర్‌కు, చెల్లె. పైన డాబా మీద కూసున్నడు."

నవనీతకు ఒళ్లు భగ్గుమంది.

"ఎవరు పంపిండ్రు నిన్ను?"

"జర నా మాట ఇను, చెల్లె..."

"ఎవరికి చెల్లెను? కొంపలు ముంచెటోనికా?"

షామియానా కింద అందరూ ఇటు తిరిగారు. తింటున్న విస్తరి వదిలి నవనీత మేనత్త బుచ్చమ్మ లేచి వచ్చింది.

"మా అల్లుడు నీకెట్ల ఎరుక? యాడ కలిసినవ్?" అని నిలదీసింది.

ఆ మనిషి నోరు తెరిచాడు. చుట్టూ మూగిన చుట్టాలను చూశాడు. నవనీతను చూశాడు.

"తప్పయింది" అని మాత్రం అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ పూట నవనీత నోటికి అదుపు లేకుండా పోయింది. సీసా లాక్కుని మోరీలో ఒంపేసింది. అన్నం వేళ, తిననిచ్చి పంపమని వంటాయన చెప్పబోతే, "గిసుంటోనికి నా ఇంట్ల మెతుకు లేదు" అంది.

అతను సంచి చంకన పెట్టుకుని తలవంచుకుని వెళ్లిపోయాడు.

మొగుణ్ని కాపాడుకున్నాననుకుంది నవనీత.

అంతలో ఐసు కోసం వెళ్లిన కళ్యాణి తిరిగి వచ్చింది. "ఆ అన్నయ్య ఏడండీ?"

"మీ మనిషిని ఎల్లగొట్టిన. ఇంకోపారి గిట్లాంటోళ్లను పెట్టుకోకు."

"మా మనిషా? మీ చుట్టమనుకున్నానండీ నేను" అంది కళ్యాణి. "టీ డికాషన్‌లో తాటిబెల్లం కలిపి సీసాలో తెచ్చుకున్నాడు. అల్లం, నిమ్మకాయ నా మిషన్ మీదే రసం తీసి అందులో కలిపాడు. తాగి చూడండి, ఎంత బాగుంటుందో."

బల్ల మీద అతను వదిలేసిన గ్లాసు ఎత్తి నవనీత తాగింది. అల్లం ఘాటు గొంతు దిగింది. మందు వాసనే లేదు.

"మరి ఆ సీసా ఎందుకు?" అని అడిగింది.

"నేనూ అదే అడిగానండీ. పైన దోస్తులు చాటుగా మందు తెచ్చుకున్నారంట. ఉత్త చేతులతో కూర్చున్నవాణ్ని తాగమని బలవంతం చేస్తారు, మందు సీసాలోంచి పోసిన రంగు గ్లాసు చేతిలో ఉంటే ఎవరూ అడగరు అన్నాడు. పొద్దుటి నుంచీ మీ ఆయన గ్లాసు ఖాళీ కాకుండా చూస్తూనే ఉన్నాడు."

నవనీత గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద వడ్ల లారీలు తప్ప అతను లేడు.

వెనక్కి వచ్చి డాబా మెట్లెక్కింది. పై మెట్టు మీదే మందు వాసన ఎదురొచ్చింది.

సుధీర్ చేతిలో గ్లాసు ఉంది. సగం అయిపోయింది.

"ఉత్తగ కూసున్నడని మేమే పోసినం వదినా" అన్నాడు మిల్లులో సుధీర్‌తో పనిచేసే సైదులు నవ్వుతూ. "కిడ్నీల రాళ్లకు బీరు మంచిదే కద."

నవనీత ఆ గ్లాసు లాక్కుంది. ఆ రాళ్లు తను పుట్టించినవి. ఆ బీరు తన చేత్తో పోసినట్టే అనిపించింది. మొగుణ్ని చెయ్యి పట్టుకుని పిట్టగోడ వైపు తీసుకుపోయింది.

"కింద నీకు సోడా కలిపెటాయనను అందరి ముంగట తిట్టిన. అన్నం సుత పెట్టలే. ఎవరాయన?"

సుధీర్ పిట్టగోడ మీంచి గేటు వైపు చూశాడు.

"నర్సయ్య. దవాఖానల నా పక్క మంచం. తాగుతనేమో అని భయమైతుంది, రమ్మని నేనే ఫోన్ చేస్తె దామరచర్ల నుంచి పని ఇడిసిపెట్టి వచ్చిండు" అన్నాడు. "ఆ దవాఖాన పేరెత్తితె నీ పరువు పోతదని, ఎవరేమన్న గానీ నోరు తెరవనని నాకు మాటిచ్చే మన గేట్ల అడుగు పెట్టిండు."