తప్పొప్పుల పట్టిక

"నీ పుస్తకం మొత్తం చదివించుకుని విన్నానమ్మా," అన్నాడు గౌస్, గుమ్మంలో నిలబడి.

సబీహా తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు. నలభై ఆరేళ్ళొచ్చినా తండ్రి గొంతు వింటే ఇప్పటికీ వీపు జలదరిస్తుంది. ఏలూరు నుంచి తమ్ముడు నవాజ్ పొద్దున్నే ఫోన్ చేశాడు. "నాన్న తాడేపల్లిగూడెం బస్సెక్కేశాడక్కా, ఆపితే వినలేదు. ఆయన పరువంతా తీశావు. రెండో ముద్రణలోనైనా ఆ సంగతులు తీసెయ్."

తీసెయ్యనని చెప్పేసింది. అది ఆమె ఆత్మకథ. ఒక్క అక్షరం కూడా మార్చదల్చుకోలేదు.

"గొడవ పెట్టుకోడానికైతే వెళ్ళిపోండి," అంది.

"గొడవ కాదమ్మా. కాసేపు కూర్చోనీ. మోకాళ్ళు ఆగట్లేదు."

కుర్చీలో కూలబడి సంచిలోంచి పుస్తకం తీశాడు. మూడు చోట్ల పేజీ అంచు మడతపెట్టి ఉంది.

"కోడలి చేత మడత పెట్టించాను. మళ్ళీ అచ్చేస్తున్నారంట కదా. తప్పులుంటే దిద్దుతారా?"

"అందులో తప్పులేం లేవు."

"ఓసారి చదువు. నీ నోటితో వింటాను."

సబీహాకి పంతం వచ్చింది. మొదటి మడత విప్పి ఒక్కో మాటా నొక్కి చదివింది. "కొల్లేటి పక్కన చేపల చెరువుకి మా నాన్న కాపలా ఉండేవాడు. వలతాడు నీళ్ళలో నానబెట్టి మరీ మమ్మల్ని కొట్టేవాడు. తగిలినచోట చర్మం లేచిపోయేది."

కాదంటాడేమోనని తలెత్తి చూసింది. గౌస్ నేలవైపు చూస్తున్నాడు.

"నిజమే. తర్వాతది."

"నేను కథలు రాసుకున్న నోటుపుస్తకం పొయ్యిలో పెట్టాడు. అది కాలిపోయేదాకా నన్ను అక్కణ్ణుంచి కదలనివ్వలేదు."

"ఒకటి కాదమ్మా, రెండు. ఇంకోటి నువ్వు బళ్ళో ఉన్నప్పుడు కాల్చాను. ఎక్కడో పారేసుకున్నాననుకుని వారం రోజులు వెతుక్కున్నావు."

ఈ మనిషి బుకాయిస్తాడనే సబీహా ఇన్నేళ్ళూ మాటలు కూడబెట్టుకుంది. ఒప్పుకుంటాడని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"మూడోది కూడా చదివెయ్," అన్నాడు.

ఆ పేజీ చూడగానే ఆమె మనసు కాస్త మెత్తబడింది. పుస్తకం మొత్తంలో తండ్రి మీద జాలిపడి రాసిన చోటు అదొక్కటే. ఇది విందామనే ఇంతదూరం వచ్చాడేమో అనుకుని, ఈసారి నెమ్మదిగా చదివింది.

"నాకు పదకొండేళ్ళప్పుడు మా అక్క షాయిస్తా కాలు జారి చెరువులో పడి చనిపోయింది. నాన్న వచ్చేసరికే అంతా అయిపోయింది. ఒడ్డున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే."

గౌస్ ఆ పేజీ మీద వేలు ఆనించాడు.

"తప్పు ఇక్కడుందమ్మా, దిద్దించు. మీ అక్క జారలేదు, దూకింది. మునిగిపోయేదాకా నేను గట్టు మీద నిలబడి చూశాను."